కుడివైపు బేస్, ఒక అడుగు వెనక్కి

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరి పనితీరు మీద అభిప్రాయం రాయమని నాకొక ఫారం వచ్చింది. అలాంటి బాధ్యత నాకివ్వడం అదే మొదటిసారి కాబట్టి శ్రద్ధగానే కూర్చున్నాను. ఫారంలో రెండు గళ్ళున్నాయి. బాగా చేసినవి ఒకదాంట్లో, మెరుగుపరుచుకోవలసినవి ఇంకోదాంట్లో రాయాలి. రెండో గడి ఇట్టే నిండింది. తొమ్మిది అంశాలు, నంబర్లతో సహా. మొదటి గడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఐదేళ్ళ కిందటి ఒక పదకొండేళ్ళ పిల్ల మొహం గుర్తొచ్చింది. ఫారం అలాగే వదిలేసి, టీ తెచ్చుకుని, మాదాపూర్ మీదుగా పోయే మెట్రోని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అప్పట్లో నేను ప్రగతి నగర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. ఉద్యోగం కొత్త. పని టెస్టింగు, అంటే ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత తీవ్రంగా, ఎవరి వల్ల అని పట్టికలో ఎక్కించడం. ఆ పని నాకు ఎంత నచ్చిందంటే ఇంట్లో కూడా మానలేకపోయేవాణ్ణి. పిన్ని వంటింట్లో డబ్బాలకి లేబుళ్ళు అంటించి, ఫ్రిజ్ తలుపుకి సరుకుల పట్టిక తగిలించాను. ఆవిడ నవ్వి ఊరుకునేది, లేబుల్ ఏమి చెప్పినా చింతపండు డబ్బాలోనే బెల్లం పోసేది. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి, చిన్నప్పుడు జిమ్నాస్టిక్స్‌లో జిల్లా తరఫున ఆడింది, నానక్‌రామ్‌గూడ దగ్గర ఒక బడిలో డ్రిల్లు టీచరు. యాభై దాటాక కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకి కాలు ఆనించి పైకి చాచేది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఎటు చూడాలో తెలియక కాఫీ గ్లాసులోకి చూసుకునేవాళ్ళు.

ఆవిడ ఒక చీర్‌లీడింగ్ జట్టు నడిపేది. ఆ మాట వినగానే అందరికీ క్రికెట్ మైదానమే గుర్తొస్తుంది. మా అమ్మ అయితే ఫోన్‌లో వారం రోజులు బాధపడింది. చేరడానికి వచ్చిన ప్రతి తల్లిదండ్రులకీ పిన్ని ఒకే మాట చెప్పేది. "మీరనుకునేది కాదండీ. ఇది జిమ్నాస్టిక్స్‌కి చెల్లెలు. అక్క ఒంటరిగా ఎగురుతుంది, చెల్లెలు నలుగురిని వెంటేసుకుంటుంది." నలుగురూ ఎవరంటే, కింద నిలబడి ఎత్తే ఇద్దరు బేసులు, పైకెక్కి నిలబడే ఫ్లయర్, వెనకాల చేతులు చాపి కాపలా కాసే స్పాటర్. నలుగురూ పది పన్నెండేళ్ళ ఆడపిల్లలు. శనివారం సాయంత్రాలు ఒక అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో సాధన. అక్కడి పిల్లలతో పాటు తన బడి పిల్లలు కూడా వస్తేనే నేర్పుతానని పిన్ని మొదట్లోనే షరతు పెట్టింది. అలా వచ్చిన పిల్లే మా కుడివైపు బేస్. అది నానక్‌రామ్‌గూడ పాత ఊరిదే, టవర్లు లేవకముందు నుంచి అక్కడున్న కుటుంబం. చుట్టిన మ్యాట్‌ని ఒక్కతే భుజాన వేసుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, ఆ రోజే పిన్ని దాన్ని బేస్‌గా తీసేసుకుంది. వెంట వాళ్ళ నాయనమ్మ వచ్చేది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పిల్లలతో పాటు ఎనిమిది దాకా ఇంగ్లీషులో లెక్కపెట్టేది. ఎనిమిది తర్వాత అంకెలు ఆవిడకి అక్కర్లేదు, చీర్‌లీడింగ్‌కీ అక్కర్లేదు. సాధన అయ్యాక స్టీలు డబ్బా తెరిచి అందరికీ సర్వపిండి ముక్కలు పెట్టేది. డైటింగ్ అన్న తల్లులకి రెండు ముక్కలు పెట్టేది.

పోటీ అయిపోయాక జడ్జీలు తమ వ్యాఖ్యలు రాసిన కాగితం పంపిస్తారు. ఆ కాగితం విషయంలో పిన్నికొక పద్ధతి ఉండేది. అది ముందు తల్లిదండ్రుల చేతికి వెళ్ళకూడదు. శనివారం దాకా ఆగి, పిల్లల్ని మ్యాట్ మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ముందు వాళ్ళకి ఏం గుర్తుందో చెప్పమనేది. ఎక్కడ జారింది, ఎక్కడ ఊపిరి అందలేదు, అన్నీ. ఆ తర్వాతే కాగితం విప్పేది. ఒకరు చదవాలి, ఇంకొకరు తెలుగులో చెప్పాలి. చివరికి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళి, తమ గురించి ఏం రాశారో తమ నోటితోనే అమ్మానాన్నలకి చెప్పాలి. ఇదంతా అయ్యేసరికి వారం పట్టేది. నాకు ఆ వారం శుద్ధ దండగ అనిపించేది. కాగితం ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక్క నిమిషం పని కదా అని ఒకసారి అన్నాను కూడా. "పిల్ల తప్పు పిల్లకంటే ముందు ఇంటికి చేరకూడదురా" అంది పిన్ని, చింతపండు కోసం బెల్లం డబ్బా తెరుస్తూ.

ఆ ఏడాది పోటీ ఆదివారం జరిగింది. మూడో పిరమిడ్ దగ్గర ఫ్లయర్ ఒక్కసారి ఊగింది, పడలేదు. జట్టుకి నాలుగో స్థానం వచ్చింది. ఆ సాయంత్రమే పిన్ని వాళ్ళ ఆడపడుచు కూతురి నిశ్చితార్థానికి తెనాలి బయల్దేరింది. జట్టు మెయిల్ చూసే పని నాది. సోమవారం మధ్యాహ్నం జడ్జీల కాగితం స్కాన్ వచ్చింది. అప్పటికే గ్రూపులో తల్లిదండ్రులు మార్కుల కోసం తొందరపెడుతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మా ఐటీ కారిడార్ వాళ్ళే, ఆగడం అలవాటు లేనివాళ్ళు. నేను భోజనం మానుకుని ఆ రెండు పేజీల చేతిరాతని ఒక చక్కటి పట్టికగా మార్చాను. వరస సంఖ్య, నిమిషం, లోపం, తీవ్రత, బాధ్యురాలు, సరిచేయవలసిన గడువు. జడ్జీ రాసిన పొడుగు వాక్యాలని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒక్కో వరసలో పెట్టాను. మెచ్చుకోళ్ళు కూడా కొన్ని ఉన్నాయి. వాటి మీద ఎవరూ చేయవలసిన పని లేదు కాబట్టి తీసేశాను. టెస్టింగులో మేమెప్పుడూ అంతే. పనిచేస్తున్న బటన్ గురించి ఎవరూ రిపోర్టు రాయరు. ఏడో వరసలో ఇలా ఉంది: కుడివైపు బేస్ ఒక అడుగు వెనక్కి వేసింది, తీవ్రత ఎక్కువ. పక్కన పిల్ల పేరు. గ్రూపులో పెట్టాక వచ్చిన బొటనవేళ్ళు లెక్కపెట్టుకుంటూ సాయంత్రం దాకా సంతోషంగా ఉన్నాను.

మర్నాడు ఫ్లయర్ వాళ్ళ నాన్న, ఏదో పెద్ద కంపెనీలో మేనేజరు, ఏడో అంశం మీద యాక్షన్ ప్లాన్ ఏమిటని మర్యాదగానే అడిగాడు. మార్కులు అక్కడే పోయినట్టున్నాయని ఇంకొకాయన అన్నాడు. కాసేపటికి కుడివైపు బేస్ పిల్ల వాళ్ళ నాన్న రాశాడు, సారీ సార్, ఇంట్ల చెప్పిన, మల్ల గట్ల కాదు అని. ఆ సారీ చూసినప్పుడు నాకేదో ఇబ్బందిగా అనిపించింది. కానీ పట్టికలో గడువు తేదీ ఉంది కదా, సరైపోతుందిలే అనుకున్నాను.

శనివారం పిల్ల రాలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. ముగ్గురితో ఎత్తడం కుదరక, మిగతా పిల్లలు మ్యాట్ మీద పల్టీలు కొట్టి ఊరుకున్నారు. ఆ పిల్ల బడిలో కూడా ఎవరితో మాట్లాడటం లేదని, చీర్‌లీడింగ్ మానేస్తానందని స్పాటర్ పిల్ల చెప్పింది. తెనాలి నుంచి ముందురోజే వచ్చిన పిన్ని అప్పుడు నా ఫోన్ తీసుకుని పట్టిక మొత్తం చదివింది, తర్వాత నేను ప్రింటు తీసిన జడ్జీల కాగితం అడిగింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. రేపు పొద్దున పని పెట్టుకోవద్దని నాతో చెప్పింది.

ఆదివారం షేర్ ఆటో దిగి వాళ్ళింటికి నడిచాం. రెండు అద్దాల టవర్ల వెనక, పాత ఊరి సందులో, ముందు గది జిరాక్సు షాపు, వెనక ఇల్లు. పిల్ల వాళ్ళ నాన్న నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దాయన. లోపలికి తీసుకెళ్ళి కుర్చీలు వేశాడు. ఎదురుగా గోడ మీద నా పట్టిక ఉంది. పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, ఏడో వరసకి పసుపు రంగు పూసి, పైన లామినేషన్ చేయించి తగిలించాడు.

"మీరు పంపింది పెద్దగ తీసిన సార్," అన్నాడు ఆయన. "చదువుకున్నోళ్ళు గింత కష్టపడి రాసిండ్రు కదా. రోజు చూస్తే యాదికుంటదని."

దానికింద చాప మీద కూర్చుని పిల్ల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. నాయనమ్మ మాత్రం గుమ్మంలోంచే మొదలుపెట్టింది. ఆ కాగితం వచ్చిన కాడి నుంచి పిల్ల సరిగ తింటలేదని, ఎందుకమ్మా అంటే నా వల్లనే ఓడిపోయినమంటదని, తాను ముందు కుర్చీలోనే కూర్చుని అంతా చూసిందని, పైపిల్ల అటు ఒరిగితే తన మనుమరాలు వెనక్కి జరిగి ఆపిందని, ఎన్నిసార్లు చెప్పినా కొడుకు వినడం లేదని.

"నేను చెప్పలె?" అంది పిల్ల, చిక్కుడుకాయల్లోకి చూస్తూనే. "నేను వెనక్కి రాకుంటే అది పడిపోతుండె అని చెప్పిన. నాన్న ఏమన్నడు? ఇగో, రాసి ఉన్నది కద అన్నడు."

పిన్ని సంచిలోంచి జడ్జీల కాగితం తీసి నా చేతికిచ్చింది. "చదవరా. నువ్వే చదువు. ఒక్క ముక్క కూడా వదలకు."

చదివాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. కుడివైపు బేస్ ఒక అడుగు వెనక్కి వేసింది, కానీ పట్టు వదల్లేదు. పైనున్న అమ్మాయి బరువు పక్కకి జారుతుంటే తన భుజం మీదికి తీసుకుని నిలబెట్టింది. ఈ వయసులో ఇంత మంచి రక్షణ అరుదు. ఇంగ్లీషులో అదంతా ఒకే వాక్యం. నేను మొదటి కామా దగ్గర కోసేశాను. మిగతాది మెచ్చుకోలు కాబట్టి పారేశాను. ఆ సంగతి కూడా చెప్పాను, అదే వరసలో, ఆయన మొహం చూడకుండా. తప్పు పిల్లది కాదని, నాదని.

వాళ్ళ నాన్న కాగితం తీసుకుని ఆ చేతిరాత మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చూశాడు. చాలాసేపటికి పిల్ల పక్కన చాప మీద కూర్చుని, రెండు చిక్కుడుకాయలు తీసుకున్నాడు. "నువ్వు చెప్పినవ్ కద బిడ్డా," అన్నాడు. "నేనే ఇనలే." నాయనమ్మ ఊరుకోలేదు. తన కండ్లు కాగితం కంటే తక్కువనా అని కొడుకుని నాలుగైదు రకాలుగా అడిగి, ఆ తర్వాతే మాకు చాయ్ పెట్టింది. ఆయన గోడ మీది పట్టిక తీసేయబోతే పిల్ల వద్దంది. నాకేసి మొదటిసారి సూటిగా చూసి, "సార్, మీరు ఎన్నడన్న ఎత్తిండ్రా?" అని అడిగింది.

ఎత్తలేదని చెప్పాను.

"అయితే వచ్చే శనివారం ఎత్తుండ్రి. అప్పుడు వస్త."

మాట ప్రకారం శనివారం నన్ను కుడివైపు బేస్ స్థానంలో నిలబెట్టారు. ఎడమవైపు పిన్ని, వెనక స్పాటర్‌గా ఆ పిల్లే. అందరిలోకీ చిన్నదాన్ని పైకెక్కించారు. కింద ఉన్నవాడికి ఏమీ కనిపించదని అప్పుడు తెలిసింది. ఒక షూ అడుగు, ఒక చీలమండ, అంతే. పైన ఏం జరుగుతోందో అరచేతుల్లోకి వచ్చే బరువుని బట్టి ఊహించుకోవాలి. నాలుగో లెక్కకి బరువు కదిలింది. నేను ఆలోచించేలోపే నా కాలు వెనక్కి పడింది. వెనక నుంచి ఆ పిల్ల చేతులు చిన్నదాన్ని నడుం దగ్గర పట్టుకుని దించేశాయి. పిల్లలందరూ మ్యాట్ మీద పడి నవ్వారు. తీవ్రత ఎక్కువ అని ఎవరో అన్నారు. ఫ్లయర్ వాళ్ళ నాన్న కూడా నవ్వాడు. తర్వాత ఏమనుకున్నాడో, వెళ్ళి నాయనమ్మ పక్కన కుర్చీ లాక్కుని, ఆ రోజు పోటీలో ఆవిడ ఏం చూసిందో మొత్తం చెప్పించుకున్నాడు. ఆవిడ చేతులు ఊపుతూ చెప్పింది, ఎనిమిది అంకెలతో సహా.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పిన్ని మోకాలి నొప్పితో కుర్చీకి పరిమితమయ్యాక చిన్నపిల్లలకి తనే నేర్పుతోంది. జడ్జీల కాగితం వచ్చినప్పుడు వాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టి, ముందు మీరు చెప్పుండ్రి, మల్ల చదువుదాం అంటుందట. పోయిన నెల దారిలో కనిపిస్తే ముందు గుర్తుపట్టలేదు, నాకంటే రెండంగుళాలు పొడుగైంది. నా పట్టిక ఇంకా వాళ్ళ గోడ మీదే ఉందని, లామినేషన్ చేసింది కదా, చిరగదని నవ్వుతూ చెప్పింది. పిల్లలు ఏటా పెరిగిపోతారు. వాళ్ళ గురించి మనం రాసిన కాగితం మాత్రం రాసిన రోజు వయసులోనే ఆగిపోతుంది.