చుట్టుదారిన వచ్చిన దారం

శిబిరంలో అందరూ ఆమెను టేపక్క అనేవారు. ఊళ్లో ఉన్నప్పుడు బట్టలు కుట్టేది. ఇక్కడికి వచ్చాక ఆహార కేంద్రంలో రంగుల పట్టీతో పసిపిల్లల జబ్బల చుట్టుకొలత చూసే పనిలో చేరింది. పట్టీ ఎరుపు దగ్గర ఆగితే బిడ్డ బాగా చిక్కిపోయినట్టు, పసుపైతే జాగ్రత్తపడాలి, ఆకుపచ్చైతే ఫరవాలేదు. చిక్కిన పిల్లలకు వేరుశనగ ముద్ద పొట్లం చించి, తన కళ్లెదుటే తినిపించేది.

"గుడారంలో పెడతాలే అక్కా" అని ఏ తల్లైనా లేవబోతే, "అక్కడైతే నీ పెద్దాడే నాకేస్తాడు, కూర్చో తల్లీ" అని నవ్వేది.

ఆమె కూతురు మాత్రం ఏటికి అవతల ఉంది. కాల్పులు మొదలైన రోజున కుట్టుపని తెమలక, ఏడాదిన్నర పిల్లను అక్క ఇంట్లో దింపి వచ్చింది. సాయంత్రానికల్లా వంతెన కూలిపోయింది. అక్కవాళ్లు అవతలి శిబిరం చేరారని మూడు నెలలకు గాని తెలియలేదు. చుట్టుదారిలో తిండి సరుకుల లారీలను తప్ప ఎవరినీ వదలడం లేదు.

ఫోను కలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "తింటోందా?"

"తింటోందే తల్లీ, ఎన్నిసార్లు చెప్పను!"

అక్క మాట నమ్మాలనే ఉండేది. కానీ చెల్లెలు బెంగపడుతుందంటే ఎంత అబద్ధమైనా ఆడగల మనిషి అక్క.

"దాని ఎడమ జబ్బకు దారం చుట్టు. బిగించకు. కొసలు కలిసిన చోట తెంపి, లారీ డ్రైవరన్నకు ఇవ్వు" అంది ఒకరోజు.

డ్రైవరు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చాడు. "లారీడు సరుక్కి ఇంత భయపడలేదు చెల్లెమ్మా! ఇదెక్కడ ఎగిరిపోతుందోనని దారంతా తుమ్మలేదు."

దారాన్ని పట్టీ మీద పరిచింది. పసుపు.

ఆమె ముఖం చూసి డ్రైవరు మెల్లగా, "నాలుగు పొట్లాలు జేబులో వేసుకుపోనా?" అన్నాడు.

"వద్దన్నయ్యా. ఇవి ఈ పిల్లలవి."

ఆ రాత్రి ఫోనులో అక్కను కేకలేసింది. "బుగ్గలు చూసి మోసపోకు. రేపే అక్కడి కేంద్రానికి తీసుకెళ్లు. జబ్బ కొలవమను." అక్క ఏడ్చింది, మర్నాడే వెళ్లింది. మూడో నెల వచ్చిన దారం ఆకుపచ్చను తాకింది. కేంద్రంలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది గానీ, తను చూడకుండానే పిల్ల అంత పెరిగిపోయిందే అని లోపల కలుక్కుమంది.

ఆపై ఏడాదికి దారి తెరిచారు. ఆమె వెళ్లేసరికి పిల్ల అక్క కొంగు చాటుకు దూరి, "అమ్మా, ఎవరు?" అంది అక్కనే.

అక్క ముఖం పాలిపోయింది. "నేను నేర్పలేదే, ఒట్టు."

"అన్నం పెట్టిన చేతిని అలాగే పిలుస్తారులే అక్కా. ఊరుకో" అంది. పిల్లను లాక్కోలేదు. దగ్గర్లోనే చతికిలబడి, చూస్తూ కూర్చుంది.

అక్కడి కేంద్రంలోనే పనికి కుదిరింది. ఇప్పుడు పిల్ల ఆమె చేతి ముద్ద తింటుంది, ఆమె పక్కలోనే పడుకుంటుంది. పిలవడం మాత్రం "చిన్నమ్మా" అనే. పిలిచిన ప్రతిసారీ "ఓయ్" అని పలికి, పిల్ల నోటివంక ఇంకాసేపు చూస్తుంది.