మానిటరు వీపున గంధం బొట్టు

మా పత్రిక బందరు ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన ఏడాది, జిల్లా పేజీని ఇకమీదట అక్కడే తయారుచేస్తారని చెప్పారు. ఆ పేజీ బాధ్యత నాకే రావాలనుకున్నాను. కోర్టు వార్తలు, కలెక్టరాఫీసు వార్తలు ఏళ్లుగా రాస్తున్నవాణ్ణి. పోటీ గుడివాడ విలేకరి ఒక్కడే. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం.

మాలాగే అతని ఆఫీసులోనూ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే కంప్యూటరే. తేడా అంతా తెరలో ఉంది. అతనికి పేజీ మొత్తం ఒకేసారి కనిపించేది, అక్షరాలు తీరుగా నిలబడేవి. నా తెర మీద అవే అక్షరాలు గోడరాతల్లా ఉబ్బి, పేజీలో ఒక మూల మాత్రమే కనిపించేది. పైగా సన్నటి వణుకు. గుడివాడ వెళ్తే అతని మానిటరు చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. చూసొచ్చిన రోజు అన్నం సయించేది కాదు.

"సెట్టింగుల ఫైల్లో మానిటరు ఫ్రీక్వెన్సీ, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు వెలగాలో ఆ అంకెలు, రాయాలి బావా. వెనకాల స్టిక్కరు మీద ఉంటుంది," అన్నాడు ఫోన్లో.

నా మానిటరు వెనక అంకెలేవీ కనిపించలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ.

"నీ అంకెలే చెప్పు. రెండూ ఒకటేగా."

"ఒకటో కాదో చూసుకోకుండా వెయ్యమాకు," అంటూనే చెప్పాడు.

వేశాను. తెర కీచుమని, గీతలు గీతలుగా కొట్టుకుని నల్లబడింది. మళ్లీ రప్పించడం నా వల్ల కాలేదు. కావాలనే తప్పు చెప్పాడని గట్టిగా అనుకున్నాను.

పేజీ ఎవరికివ్వాలో తేల్చడానికి మర్నాడే విజయవాడ నుంచి ఇన్‌చార్జి గారి రాక; ఇద్దర్నీ బందరు ఆఫీసులో ఉండమన్నారు. గుడివాడ నుంచి అతను ముందే బస్సు దిగాడు. నల్లటి తెర చూసి, మానిటరును వెనక్కి తిప్పాడు.

"ఇదేంటి బావా, వీపున బొట్టు పెట్టావు?"

"దసరాకి. ముందు పెడితే అద్దం మీదికి కారుద్దని."

"సరిగ్గా స్టిక్కరు మీదే దొరికిందా చోటు!"

వెనకవైపు తెల్లగా, నున్నగా ఉన్న చోటు అదొక్కటే. ఆయుధపూజకు గంధం మందంగా పట్టించి కుంకుమ అద్దాను. ఎండిపోయి స్టిక్కరును మొత్తం కప్పేసింది. అతను కర్చీఫు తడిపి తుడిచాడు. బయటపడ్డ అంకెలు వేరు. నా మానిటరు రకమే వేరు. నా కుర్చీలో కూర్చుని, ఏవో మీటలు నొక్కి, నల్ల తెర మీద తెల్లక్షరాల్లో ఫైలు తెరిచి, ఆ అంకెలు వేశాడు. కాసేపటికి పేజీ కింది గీత దాకా తెర మీద నిలబడింది.

అప్పుడే ఇన్‌చార్జి గారు లోపలికి వచ్చారు.

"బాగుందే! ఎవరు చేశారయ్యా?"

"బావా నేనూ కలిసి చేశామండీ," అన్నాడతను.

ఆ మంచితనం నన్ను మరీ మండించింది.

"కుర్చీలో ఉన్నది నువ్వేగా," అని నవ్వి, పేజీ అతనికే ఇచ్చారాయన.

తర్వాత నన్ను దివిసీమకు వేశారు. అక్కడి వార్తలు రాసుకొచ్చి, నా పాత కుర్చీలో కూర్చున్న అతని చేతికి ఇచ్చేవాణ్ణి. మరుసటి దసరాకు గంధం గిన్నె నా చేతిలో పెట్టి, "స్టిక్కరు వదిలేసి ఎక్కడైనా పెట్టు బావా," అన్నాడు. అందరూ నవ్వారు. కింది అంచున చిన్న బొట్టు పెట్టాను. పైన పేజీ అంత తీరుగా వెలుగుతుండటం నాకు ఆ రోజూ సయించలేదు.