చెవి మేస్త్రి కుర్చీ తిప్పిన రోజు

చీమ తుమ్మితే అది ఏ చీమో చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాతయ్య. నమ్మనివాళ్ళు ఆయన పనిచేసిన కుట్టు ఫ్యాక్టరీకి వెళ్ళి అడగండి. రెండొందల మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే గుమ్మంలో నిలబడి, "ఐదో వరసలో మూడోది. బాబిన్ కేసు వదులైంది" అనేవాడు. వెళ్ళి చూస్తే అదే. ఎప్పుడైనా అనుమానం వస్తే స్క్రూడ్రైవర్ మొన మిషను మీద పెట్టి, పిడిని కుడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. అక్కడ అందరికీ ఆయన చెవి మేస్త్రి. రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు పిలిపించుకుంటున్నారు. చేతులు వణికినా ఫరవాలేదట, చెవులు వస్తే చాలట.

అలాంటాయన ఒకరోజు పొద్దున్నే, "డాక్ మార్చాలి" అన్నాడు.

ఒకే జత చెప్పులకి మూడుసార్లు కుట్లు వేయించిన మనిషి!

డాక్ అంటే ఏమిటో చెప్తాను. పాటలు కంప్యూటర్లో అంకెల రూపంలో ఉంటాయట. అంకెలు స్పీకర్లకి అర్థం కావు. వాటిని స్పీకర్లకి పనికొచ్చేలా మార్చి పంపే చిన్న డబ్బా అది. అంకెలు నాకూ అర్థంకాకే బడి మానేశాను, అందుకని స్పీకర్ల మీద నాకు కాస్త జాలి.

"బాగానే మోగుతోందిగా?" అంది అమ్మమ్మ.

"నీకు బాగానే ఉంటుంది. కుడి పక్క వయొలిన్‌కి దుప్పటి కప్పినట్టుంది. డబ్బా ముసలిదైపోయింది."

"ఇంట్లో ముసలివన్నీ మార్చేస్తానంటే చెప్పండి. నా దగ్గరా ఒకటుంది మార్చడానికి."

షాపతను కొత్త డాక్ ఇచ్చి, వారం విని చూడండి, నచ్చకపోతే తెచ్చేయండి అన్నాడు. తాతయ్య తాడు పెట్టి కొలిచి మరీ రెండు స్పీకర్లకీ సమానదూరంలో కుర్చీ వేసుకున్నాడు. నేను పాట పెట్టాను. ఆయన మొహంలో రంగు మారిపోయింది.

"ఇదీ అంతే!"

"ఏది అంతే?"

"కుడి పక్క. అదే దుప్పటి. కొత్త సరుక్కి కూడా అదే రోగమేంటే?"

తాతయ్యకి ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. లోపం ఎక్కడుందో తేలకపోతే పక్క మిషను భాగం తెచ్చి ఇందులో వేస్తాడు, ఇందులోది అందులో వేస్తాడు. భాగంతో పాటు లోపమూ వెళ్తే భాగానిది తప్పు. వెళ్ళకపోతే మిషనుది.

"వైర్లు అటువి ఇటు పెట్టు" అన్నాడు. పెట్టాను. వయొలిన్ ఎడమకి వచ్చింది, ఎడమనున్న గిటార్ కుడికి పోయింది.

"వయొలిన్ ఖంగుమంటోంది! ఇప్పుడు గిటార్‌కి కప్పారు దుప్పటి. అయితే డాక్‌ది తప్పు కాదు. కుడి స్పీకరే దొంగ."

స్పీకర్లు కూడా అటుదిటు మోసి పెట్టాను. నడుం పట్టేసింది.

"ఏమైంది తాతయ్యా?"

"ఇంకా కుడి పక్కే."

"అన్నీ మార్చేశాం. ఇంక మార్చనిది నిన్నే. లే, కుర్చీ తిప్పుతా."

వేళాకోళానికన్నాను, ఒట్టు. ఆయన మాత్రం నవ్వలేదు. లేచి, తనే కుర్చీ తిప్పుకుని, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇందాక కుడి చెవి వైపున్న స్పీకరు ఇప్పుడు ఎడమ చెవి వైపుకి వచ్చింది. దుప్పటి మాత్రం కుడి చెవిని వదల్లేదు.

తాతయ్య అరచేత్తో ఎడమ చెవి గట్టిగా మూసుకున్నాడు.

"పాట ఆపేశావా?"

పాట నడుస్తూనే ఉంది. అమ్మమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నేను గబగబా పాట ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలీదు. ఆయన చెయ్యి తీసి, తీసిన చేతిని కాసేపు చూసుకున్నాడు.

"స్క్రూడ్రైవర్ ఆనించే చెవి అది" అన్నాడు చివరికి. తర్వాత ఎవరో కొట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. "ఏడో వరసమ్మాయి!"

ఆ అమ్మాయి సంగతి మాకు తెలుసు. నెల కిందట తన మిషను ఏదో గీరుతోందని చెప్పింది. తాతయ్య పిడి ఆనించుకుని విని, మిషను శుభ్రంగా ఉంది, నీ చెయ్యే కుదురుగా లేదు అన్నాడు. చెవి మేస్త్రి మాటకి తిరుగేముంది? ఆ అమ్మాయిని మిషను మీద నుంచి తీసేసి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"అది గీరే ఉంటుంది" అన్నాడు తాతయ్య. "పిల్ల సరిగ్గానే విన్నది."

"చెబితే ఇంక మిమ్మల్ని పిలవరేమో" అంది అమ్మమ్మ మెల్లగా.

ఆయన కొత్త డాక్‌ని వచ్చిన అట్టపెట్టెలోనే సర్ది, పాతదాని మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, వైర్లు తగిలించాడు. తప్పు చేయనిదాన్ని తిట్టినందుకు బుజ్జగిస్తున్నట్టు అనిపించింది నాకు.

నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఏడిస్తే ఆయన వెక్కిరిస్తాడు. అందుకని ఎడమ చెవి వైపుకి వెళ్ళి అడిగాను: "తాతయ్యా, ఇప్పుడేం చేద్దాం?"

"రేపు ముందు ఫ్యాక్టరీకి వెళ్ళి ఆ పిల్లని మిషను మీద కూర్చోబెట్టించాలి. తర్వాత డబ్బా వాపసు. ఆ తర్వాత చెవి డాక్టరు. నువ్వూ రా" అన్నాడు. "దారిపొడుగునా నా కుడి పక్కనే నడువు. నీ వాగుడు సగం తప్పుతుంది."