ఒక్కో ఇంటిపేరుకు ఒక్క నమూనా

2006లో విశాఖపట్నంలోని మా జన్యు పరిశోధనశాల నన్ను పలాసకు క్షేత్ర బృంద నాయకుడిగా పంపింది. నా హోదా సీనియర్ రీసెర్చ్ ఆఫీసర్. నా కింద పనిచేసిన టెక్నికల్ అసిస్టెంట్ సింహాచలం, కంచిలి దగ్గర జీడితోటల్లో కూలి చేసిన కుటుంబం నుంచి చదువుకుని వచ్చినవాడు. మా తాతగారికి టెక్కలి చుట్టుపక్కల పదకొండు గ్రామాల మీద జమీందారీ హక్కు ఉండేది. నా తరానికి పేరు తప్ప ఏమీ మిగల్లేదు. ఈ రెండు సంగతులనూ అప్పట్లో నేను ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

మా పని ఇది. మలేరియా తరతరాలుగా ఉన్న చోట, దాని నుంచి కొంత కాపాడే జన్యు మార్పు ఉన్నవాళ్లు ఎక్కువగా బతికి పిల్లల్ని కంటారు. ఆ మార్పు వేగంగా వ్యాపిస్తే దాని ఇరుపక్కల డీఎన్ఏ కూడా ముక్కలు కాకుండా వెంటే వస్తుంది. కాబట్టి బంధుత్వం లేని చాలామందిలో అక్కడ ఒకే పొడవాటి ముక్క కనిపిస్తే, అది ప్రకృతి వరణం జరిగిందనడానికి గుర్తు. బంధుత్వం లేకపోవడమే ఇందులో కీలకం. అందుకని ఒక్కో ఇంటిపేరుకు ఒక్కరి రక్తమే తీయాలని నియమం పెట్టాను.

సంతబొమ్మాళి వైపు ఒక తీరగ్రామం నేను తీసుకున్నాను. తాతగారి పేరు చెప్పగానే ఊరిపెద్ద అప్పన్న రెండు రోజుల్లో ఇరవై ఇంటిపేర్ల వాళ్లను వరసగా నిలబెట్టాడు. కంచిలి వైపు సింహాచలం అదే పనికి తొమ్మిది రోజులు తీసుకున్నాడు. తనిఖీకి వెళితే, జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్ల మధ్య గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటల్లుడా, రగతమిత్తే సాల్దా? మా అమ్మమ్మ పుట్టిల్లెందుకు నీకు? పిల్లని సూడ్డానికొచ్చినావేటి?" అంటోంది ఒక పెద్దామె.

"ముందు రగతం సూసి, తర్వాత పిల్లని సూత్తానత్తా" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. బంధువులని తేలినవాళ్ల పేర్లు అతను జాబితాలో కొట్టేస్తున్నాడు.

నన్ను చూసి అందరూ లేచారు. నవ్వు ఆగింది. నాకు కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చుని, అతని గోనెసంచిని చూసి అసూయపడ్డాను. కాలయాపన చేస్తున్నాడని డైరీలో రాశాను.

పరీక్షల్లో నా నమూనాలలో ఆశించిన చోట పొడవాటి ముక్క వచ్చింది. అతని వాటిలో రాలేదు. నివేదికలో మొదటి పేరు నాది. అతనిది చివరి పేజీలో, కృతజ్ఞతల కింద. నా డిప్యూటీ డైరెక్టర్ పదోన్నతి దాని మీదే ఆధారపడి ఉంది.

డైరెక్టర్‌కు ఇవ్వడానికి వారం ఉందనగా సింహాచలం నా గదికి వచ్చాడు. "మీ నమూనాల్లో ఆ మార్పు లేని క్రోమోజోముల్లో కూడా ఇలాంటి పొడవాటి ముక్కలే ఉన్నాయి సార్. ఆ ఊరోళ్లు ఒకరికొకరు ఏటవుతారో అడిగినారా?"

ఇంటిపేర్లన్నీ వేరని చెప్పాను.

"ఇంటిపేరు వేరైతేనే కదండీ పిల్లనిచ్చేది!"

అతన్ని బయటికి పొమ్మన్నాను. నా భార్య నా మేనమామ కూతురు. ఆమె పుట్టింటి ఇంటిపేరు వేరు, నాది వేరు.

మూడు రోజులు ఆ నివేదిక నా బల్ల మీదే ఉంది. తప్పు చూపింది మరొకరైతే మొదటి రోజే ఒప్పుకునేవాణ్ని. నాలుగో రోజు ఎవరికీ చెప్పకుండా ఆ ఊరు వెళ్లి అప్పన్నను అడిగాను.

"తమరు అప్పుడు అడగనేదు కదా బాబూ. పెద్దోరి మనవడొచ్చినారు, బయటోళ్లెందుకని మావోళ్లనే పిలిసినాను. అందరూ మా అప్పసెల్లెళ్ల పిల్లలు, మా మేనత్త మనవలునండి" అన్నాడు.

నేను ప్రకృతి వరణమనుకున్నది మేనరికాలతో అల్లుకున్న చుట్టరికం. నా నమూనాలన్నీ తీసివేయించాను. మిగిలినవాటిలో స్పష్టమైన గుర్తేదీ లేదని రాసిన నివేదిక సింహాచలం పేరు ముందు పెట్టుకుని వెళ్లింది. నాకు పదోన్నతి రాలేదు. నమూనాలు తీసేటప్పుడు నింపే ఫారంలో 'అమ్మమ్మ పుట్టిల్లు' అనే గడి చేర్చాలన్న ఆదేశం నా సంతకంతో వెలువడింది. అది ఎవరి ఆలోచనో అందులో రాయలేదు. సింహాచలానిది.

ఇంటిపేరు తండ్రి వైపు మాత్రమే చెబుతుంది. నమూనా తీసేవాడు తల్లి వైపు కూడా అడగాలి. కుర్చీలో కూర్చుని అడిగితే ఎవరూ అంత దూరం చెప్పరు.