సరోజిని పిన్నిగారు చెప్పని మాట

వెనిగర్ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ పుల్లటి వాసనకు నాకు ఇప్పటికీ సరోజిని పిన్నిగారు గుర్తొస్తారు. గుంటూరులో మా పక్కింటావిడ. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికించే పని చూసి రిటైరయ్యారు. మా ఆయనది మిర్చి యార్డులో ఉద్యోగం. కొత్త కాపురంలో మిర్చి ఘాటు పట్టిన ఆయన చొక్కాలు ఉతకడమంటే నాకు తుమ్ములు, దగ్గులు, ఏడుపు. పైగా మా బోరు నీళ్ళకు ఆరిన బట్టలు అట్టల్లా బిగుసుకుపోయేవి.

"ముందు బయట దులుపమ్మాయ్. సబ్బంతా వదిలాక, చివరి బకెట్టు నీళ్ళల్లో అర గ్లాసు తెల్ల వెనిగర్ పొయ్యి. జరీ చీరల జోలికి మాత్రం పోమాక" అన్నారావిడ.

బట్టలు మెత్తబడ్డాయి, చెమట వాసన పోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ప్రతిదానికీ వెనిగరే వాడడం మొదలుపెట్టాను. ఒకరోజు, మర్నాడు పెళ్ళికి కట్టుకోవాల్సిన మా ఆయన తెల్ల పంచె మీద మరక కనిపించింది. బాత్రూం తలుపు వేసుకుని, పంచెను బ్లీచింగ్ నీళ్ళలో నానేసి, అది చాలదని వెనిగర్ కూడా ఒంపాను. దగ్గు మొదలైంది. మిర్చివాళ్ళ ఇంట్లో దగ్గు ఎవరికి వింత? పక్కనున్న చొక్కాల ఘాటే అనుకుని రుద్దుతూనే ఉన్నాను. కాసేపటికి ఊపిరి ఆడలేదు.

"అది మిర్చి దగ్గు కాదే! తలుపు తియ్!" అని గోడ అవతల నుంచి అరుస్తూ వచ్చి, నేను గడియ తీయగానే ఆవిడే నన్ను వీధిలోకి ఈడ్చుకుపోయారు. తర్వాత ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బ్లీచింగులో వెనిగర్ పడితే విషవాయువు పుడుతుందని నాకు అక్కడే తెలిసింది.

సాయంత్రం ఇంటికొచ్చాక, తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు.

"ఎట్టా వాడాలో చెప్పా గానీ, దేంట్లో కలపకూడదో చెప్పలా. డ్యూటీలో కొత్తోళ్ళకి మొదటిరోజే చెప్పేదాన్ని. నీకు మర్చిపోయా. తప్పు నాదేనమ్మా."

నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దావిడ. ఆ మాట విని నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆవిడ ఇప్పుడు లేరు. మొన్న మా అమ్మాయి ఇస్త్రీ పెట్టెతో చెయ్యి కాల్చుకుంటే, "చూసుకోవద్దటే?" అని గట్టిగా అరిచాను. స్విచ్ తీసినా పెట్టె చాలాసేపు వేడిగానే ఉంటుందని దానికి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ సంగతి తట్టాక కూడా, వెళ్ళి పిల్ల పక్కన కూర్చోవడానికి నాకు గంట పట్టింది.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.