గోడ మీది తుపాకి

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ, అడగకుండానే ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. గోడకు వేలాడుతున్న పాత తుపాకి.

“మా ఆయన తాత కాలంది బిడ్డా. పేలదు. దుబాయ్‌ల ఒకాయన కొంటనన్నడు. పంపుదామని కార్గో ఆఫీసుల అడిగితే, నూరేండ్లు దాటినవి దేశం దాటనియ్యరంట.”

“అయ్యో, నష్టమే కదమ్మా?” అన్నాను.

ఆమె ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. తుపాకి గొట్టానికి ఒక తెల్ల చొక్కా తగిలించి ఉంది.

“బయటికెళ్లి రాంగనే అంగి దానికే తగిలిచ్చెటోడు. ఆయన పోయినంక నేను తియ్యలే. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి చిన్న రూముకు పోవాలె, అన్నీ అమ్ముతున్న. ఇది అమ్మితే అంగి తియ్యాలె గదా. పొద్దుగాల తీద్దామంటే చేతులు రాలే.”

“మరి ఇప్పుడెట్ల?”

“రూముల గూడ ఒక గోడుంటది గదా,” అని నవ్వింది.

నాగోల్‌లో నేనూ ఒక్కదాన్నే ఉంటానని చెబుదామనుకున్నాను. అంతలో ఎల్బీనగర్ వచ్చింది. ఆమె నా భుజం పట్టుకుని లేచి, “ఉంట బిడ్డా,” అని దిగిపోయింది.

నా భుజం మీద ఎవరైనా చెయ్యి వేసి ఎన్నాళ్లయిందో, బస్సు కదిలాకే గుర్తుకొచ్చింది.