అత్తమ్మ చదివిన కథ

నేను రాసేవన్నీ చీకటి కథలు. మంచి మనుషులకే ఊపిరాడనప్పుడు బుర్రలో ఎలాంటి ఆలోచనలు పుడతాయో రాయడమంటే నాకు మహా ఇష్టం. ఈ మాట విన్నవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. చూడనీ, నా చేతి వంట తిని ఇంతవరకూ ఎవరూ పోలేదు.

మహారాష్ట్ర అంచునున్న మా సిరొంచలో మేం మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది మరాఠీ. అందుకే మా ఇంట్లో సామాన్ల చీటీ నుంచి పెళ్లి పాటల దాకా అన్నీ తెలుగు మాటలనే మరాఠీ అక్షరాల్లో రాసుకుంటాం. నా కథలూ మొదట అలాగే రాస్తాను. పెద్దయ్యాక నేర్చుకున్న తెలుగు అక్షరాల్లోకి పత్రికకు పంపే ముందు మార్చుకుంటాను.

పోయిన ఎండాకాలం ఒక కోడలి కథ మొదలుపెట్టాను. కోడలే "నేను" అంటూ చెబుతుంది. పొద్దున వంట, పగలంతా మాకున్నలాంటి బట్టల దుకాణం, మధ్యమధ్య అత్త సాధింపు. "రేపు అత్త చాయ్‌లో ఎలుకల మందు కలుపుతా" అని రాసేసరికి కూర మాడిన వాసన వచ్చింది. నోట్‌బుక్ బియ్యం డబ్బా మీద పడేసి పరిగెత్తాను.

మర్నాటి నుంచి మా అత్తమ్మ తన చాయ్ తనే పెట్టుకోసాగింది. మోకాళ్ల నొప్పులతో లేవలేని మనిషి! నాకు ఒళ్లు మండింది. మూడో రోజు మా ఆయన అంకిస సంతకు వెళ్లగానే అడిగేశాను.

"అత్తమ్మా, నా చాయ్‌కి ఏమైంది? ఎందుకు తాగుతలేవు?"

ఆమె నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "నేను గూడ మరాఠీ బడిల నాలుగో తరగతి దాక సదివిన బిడ్డా. నేనంటె గింత కోపమా నీకు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయ్యో, అది కథ అత్తమ్మా!" అని అచ్చయిన నా కథలు తీసి రెండు చదివి వినిపించాను. ముక్కు మీద వేలు వేసుకుని విన్నది. తరవాత నోట్‌బుక్ మళ్లీ లాక్కుని పేజీలు తిప్పింది.

"గీ పిల్ల పొద్దుగాల్నుంచి ఒక్కపారన్న కూసున్నదా? గది సూడనిదేం అత్త?"

అనేసి తనే నాలిక కరుచుకుంది. తరవాత దుకాణం తాళాలు నా చేతిలోంచి తీసుకుంది. "ఇయ్యాల గల్లపెట్టె కాడ నేను కూసుంట. నువ్వు రాస్కో పో."

సంతోషంతో గంతులేద్దామనుకున్నాను కానీ ఒక అనుమానం పీకింది. "మూడు రోజులు గింత పరేషానైనవు గదా, నీ కొడుక్కెందుకు చెప్పలె?"

"చెప్తె వాడు నిన్ను ఇంట్ల ఉండనిస్తడా? నువ్వు లేకుంటె నాకు పొద్దెట్ల పోతది?"

భయం పట్టిన మనుషులు ఏమేం చేస్తారో ఇన్నేళ్లుగా రాస్తున్నాను. ఇలా కూడా చేస్తారని నాకెప్పుడూ తోచలేదు.